పూల్ స్టిక్కుతో బొల్లాపల్లి ప్రయాణం

వినుకొండ స్టేషన్లో రైలు దిగిన మరుక్షణం నేను చేసిన పనేమిటో తెలుసా? మళ్ళీ అదే రైలెక్కడం!

చేతిలో స్టిక్కుంది. బ్యాగు లేదు. నా బట్టలు, అమ్మ మందులు, మేనల్లుడికి కొన్న బూట్లు అన్నీ ఉన్న బ్యాగు సీటు మీద దర్జాగా కూర్చుని మార్కాపురం వైపు వెళ్ళిపోవడానికి సిద్ధంగా ఉంది. రైలు కదిలేలోపు లాక్కొచ్చాననుకోండి. సినిమాలో హీరో కదిలే రైలెక్కితే హాల్లో ఈలలేస్తారు. నన్ను చూసి ప్లాట్‌ఫారం మీద శనక్కాయలమ్మే పెద్దాయన మాత్రం "ఏందబ్బయా, ఎక్కేదా దిగేదా, ఏదో ఒకటి తేల్చుకో!" అన్నాడు.

ఆ మాట నా జీవితానికే టైటిల్‌గా పెట్టుకోవచ్చు.

ఈ ఇరవై ఏళ్ళలో నేను పోగొట్టుకున్న వాటికి లెక్కలేదు. గొడుగులు, కళ్ళజోళ్ళు, నాలుగు ఫోన్లు, రెండు ఉద్యోగాలు, చూసిన మొదటి పెళ్ళి సంబంధం (చూపుల రోజు గుర్తులేక మ్యాట్నీకి వెళ్ళాను). కానీ ఈ పూల్ స్టిక్కుని మాత్రం ఒక్కసారి కూడా మర్చిపోలేదు. ఎందుకో చెబుదామనే ఈ ప్రయాణం కథ మొదలుపెట్టాను. మధ్యలో పక్కదారులు పడితే క్షమించాలి. ఆ జబ్బు గురించే కదా ఈ వ్యాసం!

బస్టాండు దగ్గర ఆటో అతను నా భుజానున్న పొడుగాటి నల్ల సంచీ వంక అదోలా చూశాడు. "లోపలేముంది సార్?" అన్నాడు గొంతు తగ్గించి. పల్నాడులో అలాంటి సంచీ భుజానేసుకుని తిరగడం అంత తెలివైన పని కాదని అప్పుడు తట్టింది. జిప్పు తీసి చూపించాను. రెండు ముక్కలుగా ఉన్న కర్ర. "ఆడుకునేదా!" అని పడీపడీ నవ్వాడు.

వినుకొండ కొండని చూస్తే నాకెప్పుడూ ఒక ధైర్యం. సీతమ్మను రావణుడు ఎత్తుకుపోయాడన్న వార్త రాముడు విన్నది ఇక్కడేనని, అందుకే వినుకొండ అయిందనీ పెద్దవాళ్ళు చెబుతారు. మహాకవి జాషువా పుట్టింది కూడా ఇక్కడే, 1895లో. చిన్నప్పుడు మా మేష్టారు ఈ రెండు సంగతులూ చెప్పి, "నువ్వు మాత్రం ఏమీ వినవు గదరా, వినుకొండ పక్కన పుట్టి!" అనేవారు. క్లాసంతా నవ్వేది. నేనూ నవ్వేవాణ్ణి.

బొల్లాపల్లి బస్సెక్కాను. ఊరు దాటగానే సీనరీ మారిపోతుంది. ఫిబ్రవరి నెల కదా, రోడ్డుకి రెండు పక్కలా కళ్ళాలు. కళ్ళాల్లో ఎర్రటి మిరపకాయలు పట్టాల మీద పరిచి ఉన్నాయి. బస్సు కిటికీలోంచి ఘాటు, ఆ ఘాటుకి బస్సంతా తుమ్ములు. కలర్ సినిమా చూడాలంటే మా మెట్ట ప్రాంతం ఈ నెలలోనే చూడాలి. మే నెలలో వస్తే మళ్ళీ బ్లాక్ అండ్ వైటే. నీళ్ళ ట్యాంకరు వెనక బిందెలు, ఎండిన కుంటలు, దుమ్ము. సాగర్ నీళ్ళు ఎవరికో పారతాయి, మాకు కనబడవు. వరికపూడిశెల ఎత్తిపోతల గురించి మా నాన్న బతికున్నప్పుడు విన్నాను. 2023 నవంబరులో మాచర్లలో శంకుస్థాపన కూడా చేశారు. అమ్మ మాత్రం "నీళ్ళొచ్చినప్పుడు చెప్పు, అప్పుడు లేస్తా" అంటుంది.

ఆ తర్వాత కొండలు దగ్గరకొస్తాయి. నల్లమల అంచు ఇది. మండలంలో సుగాలీ తండాలు చాలా ఉన్నాయి. బండ్లమోటు దగ్గర ఒకప్పుడు సీసం గనులు నడిచేవి. గని సైరన్ కబుర్లు చెప్పే ముసలాళ్ళు ఇప్పటికీ కనిపిస్తారు.

పల్నాడంటే సినిమా వాళ్ళకి యుద్ధమే గుర్తొస్తుంది. 1947లో ఒకసారి 'పల్నాటి యుద్ధం' తీశారు. అందులో బాలచంద్రుడు అక్కినేని, నాగమ్మ కన్నాంబ. 1966లో మళ్ళీ తీస్తే బ్రహ్మనాయుడు ఎన్టీ రామారావు, నాగమ్మ భానుమతి. రెండిట్లోనూ కత్తులూ డైలాగులూ అదిరిపోయాయి గానీ, అసలు ఈ కథ నడిపింది ఆటలే అన్న సంగతి మనం పట్టించుకోం. కోడి పందెంలో ఓడి బ్రహ్మనాయుడి పక్షం ఏడేళ్ళు ఊరొదిలి పోవాల్సొచ్చింది. బాలచంద్రుడు బొంగరాలాడుతుంటే ఆ బొంగరం ఒక పడుచు కాలికి తగిలి, ఆమె అన్న మాటతోనే అతను యుద్ధానికి కదిలాడు. ఒక ఆట ఊరు విడిపించింది, ఒక ఆట కారంపూడికి పంపించింది. అందుకే మా వైపు "వాడికి ఆటెక్కువ" అంటే చిన్న తిట్టు కాదు!

ఆ తిట్టు నేను తిన్నన్ని సార్లు మా ఊళ్ళో ఎవరూ తిని ఉండరు. ఒక్క సంఘటన చెబుతాను.

2003 సంక్రాంతికి 'ఒక్కడు' రిలీజయింది. నాకప్పుడు పదిహేనేళ్ళు దాటాయి. మా మిరప చేనుకి నీళ్ళు పెట్టే మోటారు స్టార్టరు కాలిపోతే, దాన్ని వినుకొండలో రిపేరు చేయించుకు రమ్మని నాన్న నన్ను పంపించాడు. చేశారు. డబ్బులిచ్చాను. బయటికొస్తే ఎదురుగా వాల్‌పోస్టరు. మహేష్‌బాబు కబడ్డీ! ఆ తర్వాత నాకు గుర్తున్నది ఇంటర్వెల్లు, క్లైమాక్సు, బయటికొచ్చి బస్సెక్కడం. ఇంటి గుమ్మంలో నాన్న "స్టార్టరేదిరా?" అన్నాకగానీ అది సీటు కింద వదిలేశానని తెలీలేదు. తెల్లారి వెళ్తే దొరకలేదు. కొత్తది కొనడానికి డబ్బు సర్దుబాటయ్యేసరికి వారం. పూత మీదున్న చేను ఆ వారంలో వాడిపోయింది.

నాన్న కొట్టలేదు. తిట్టలేదు. నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. కొట్టుంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.

పచ్చబల్ల పరిచయం

నరసరావుపేటలో డిగ్రీ ఎలాగో గట్టెక్కించి హైదరాబాదు చేరాను. రూమ్మేటు ఒకడు ఓ సాయంత్రం పూల్ పార్లర్‌కి తీసుకెళ్ళాడు. అప్పటిదాకా నాకు తెలిసిన బిలియర్డ్స్ పాత సినిమాల్లో విలన్ గారింట్లో ఉండేది! సిల్కు గౌనేసుకుని, పైపు నోట్లో పెట్టుకుని, ఒక బంతి కొట్టి, "వాణ్ణి లేపేయండి" అనేవాడు. అంతకుమించి ఆ బల్లతో పనుండేది కాదు.

నిజానికి ఈ బల్లలతో మన దేశానికి చాలా చుట్టరికం ఉంది. స్నూకర్ అనే ఆట పుట్టిందే మన జబల్‌పూరులో, 1875లో, తెల్లదొరల మిలిటరీ మెస్సులో. ఊటీ క్లబ్బులో దానికి రూల్సు కట్టారు. స్వతంత్ర భారతంలో ఒంటరి ఆటల్లో మొట్టమొదటి ప్రపంచ ఛాంపియన్ ఎవరనుకున్నారు? క్రికెటరు కాదు, విల్సన్ జోన్స్. 1958లో కలకత్తాలో అమెచ్యూర్ బిలియర్డ్స్ టైటిలు కొట్టాడు. మన కాలానికి పంకజ్ అద్వానీ ఉండనే ఉన్నాడు.

పూల్ వీటికి చిన్న తమ్ముడు. స్నూకర్ బల్ల 12 అడుగులైతే పూల్ బల్ల 9 అడుగులు. తెల్లబంతి కాక 15 బంతులు. ఎయిట్ బాల్ గేములో నిండు రంగువి ఏడు, చారలవి ఏడు, నల్లటి ఎనిమిదో నంబరు ఆఖర్న. నీ ఏడూ జేబుల్లో వేసి, ఆపైన నల్లదాన్ని వేస్తే గెలిచినట్టు. తొందరపడి నల్లది ముందే పడిందా, ఆట ఖతం!

ఆ మొదటి రోజు జరిగింది నేను వర్ణించలేను. ఫ్యాను చప్పుడు, పక్క టేబుల్ గోల, రూము రెంటు, రేపటి ఇంటర్వ్యూ... అన్నీ నా బుర్రలో ఎప్పుడూ ఒకేసారి మోగే రేడియో స్టేషన్లు. బల్ల మీదకి వంగి, గడ్డం కర్రకి ఆనించి, తెల్లబంతి వంక చూశాను. స్టేషన్లన్నీ టక్కున ఆగిపోయాయి. బంతి 'టక్' మని జేబులో పడింది. పద్దెనిమిదేళ్ళుగా మోగుతున్న చెవులకి అంత నిశ్శబ్దం!

ఇక చూస్కోండి. ఉద్యోగానికి లేటు, పార్లర్‌కి ముందు. రెండేళ్ళు తిరిగేసరికి అక్కడ నన్ను ఓడించేవాళ్ళు ఇద్దరో ముగ్గురో మిగిలారు. దీంతో నాకు కొత్త చిక్కొచ్చింది. "అంతసేపు కదలకుండా బంతి వంక చూడగలవు, ఒక ఫారం నింపలేవా? ఒళ్ళు బద్ధకం కాకపోతే!" అని ఒక ఆఫీసులో మేనేజరు అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. నాకూ అదే అనుమానం మరి.

జవాబు 34వ ఏట దొరికింది. 2015లో వచ్చిన 'భలే భలే మగాడివోయ్' చూశారుగా? చేస్తున్న పని మధ్యలో ఇంకోటి తగిలితే మొదటిది మర్చిపోయే నాని. హాలంతా నవ్వుతుంటే నాకు మాత్రం ఫస్టాఫ్‌లో చెమటలు పట్టాయి. అయినా డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి ఇంకో ఆరేళ్ళు పట్టింది. (అపాయింట్‌మెంటు రెండుసార్లు మర్చిపోయాను!)

ఆ సైకియాట్రిస్టు నన్ను చాలాసేపు ప్రశ్నలడిగి, చివర్న అమ్మకి ఫోను చెయ్యమన్నారు. ఇది పెద్దయ్యాక కొత్తగా అంటుకునే జబ్బు కాదట, పన్నెండేళ్ళ లోపే లక్షణాలు కనిపించి ఉండాలట, అందుకని చిన్ననాటి సంగతులు కావాలట. "మీ అబ్బాయి చిన్నప్పుడెలా ఉండేవాడమ్మా?" అని ఆయన అడగడమే పాపం, అమ్మ అరగంట ఆపలేదు. స్టార్టరు కథ కూడా వచ్చింది. ఫోను పెట్టేసి ఆయన "ఇంకేం టెస్టులక్కర్లేదు" అని నవ్వారు.

పేరు అటెన్షన్ డెఫిసిట్ డిజార్డర్. ఇప్పటి పుస్తకాల్లో ఏడీహెచ్‌డీ అంటారు. ఒకప్పుడు ఇది పిల్లలకే ఉంటుందని, మీసాలొస్తే పోతుందని అనుకునేవారు. చాలామందికి పోదు. బయటి గెంతులు తగ్గుతాయి, లోపలి గెంతులు అలాగే ఉంటాయి. 'పుష్ప'లో షెకావత్‌గా అదరగొట్టిన ఫహాద్ ఫాజిల్ ఉన్నాడే, తనకి 41వ ఏట ఇది బయటపడిందని 2024లో తనే చెప్పాడు. ఆ వార్త చదివి నేను కాలరెగరేశాను!

డాక్టరు చెప్పిన ముఖ్యమైన మాట ఇంకోటుంది. పేరులో 'లోటు' అని ఉన్నా శ్రద్ధ లేకపోవడం కాదు, దాని స్టీరింగు మన చేతిలో లేకపోవడం. నచ్చినదాని మీద అతుక్కుంటే వదలదు, నచ్చనిదాని మీద నిలవదు. పూల్‌లో ఫలితం రెండు సెకన్లలో తెలుస్తుంది. రంగులు, చప్పుడు, పడిందా లేదా! ఫారం నింపితే ఏం పడుతుంది?

అలాగని ఆటలో ఈ జబ్బు ఊరుకుంటుందనుకోకండి. కష్టమైన షాట్లు నేను బాగా కొడతాను. తప్పేవి సులువైనవే! జేబు ముందు కూర్చున్న నల్లబంతి, కళ్ళు మూసుకుని వెయ్యొచ్చు. నా బుర్ర అప్పటికే గెలిచేసి, బిర్యానీ ఎక్కడ తినాలో ఆలోచిస్తూ ఉంటుంది. బంతి తప్పుతుంది. ఇక అవతలివాడు ఆడుతున్నంతసేపు కుర్చీలో కూర్చోవడం... అది నాకు జైలు శిక్షే. పది నిమిషాలు టీవీ వంకా, తలుపు వంకా చూసి, నా వంతొచ్చేసరికి నావి చారలో నిండువో అడగాల్సిన గతి పట్టేది.

పార్లర్‌లో ఒక పెద్దాయన, మాటలు తక్కువ మనిషి, నాకొక పద్ధతి నేర్పారు. బల్ల దగ్గరికి ముందు వెళ్ళకు. వెనక నిలబడి సుద్ద రాయి. ఏ బంతి, ఏ జేబు, తర్వాత తెల్లబంతి ఎక్కడాగాలి, మూడూ తేల్చుకో. అప్పుడు వంగు. కర్రని మూడుసార్లు ముందుకీ వెనక్కీ ఆడించు, ఒక క్షణం ఆగు, కొట్టు. మధ్యలో బిర్యానీ గుర్తొచ్చిందా, కొట్టకు, లేచి మళ్ళీ సుద్ద దగ్గర్నించి మొదలెట్టు. కుర్చీలో ఉన్నప్పుడు చేతిలో సుద్ద తిప్పుతూ ఉండు, అవతలివాడి తర్వాతి షాటు ఏదో లోపల పందెం కాసుకో. ఇంతే! మూడు నెలలు ప్రతి షాటుకీ ఇదే. ఒక్కో గేములో నలభైసార్లు లేచేవాణ్ణి, అందరూ విసుక్కునేవారు. కానీ నల్లబంతి పడటం మొదలెట్టింది.

మాత్రలూ వాడుతున్నాను, దాచడమెందుకు? సాయపడతాయి, కానీ మాత్ర వేసుకుంటే బంతి దానంతటది పడదు. ఇంకో సంగతి. ఈ జబ్బుకిచ్చే మిథైల్‌ఫెనిడేట్ లాంటి మందులు డోపింగ్ నిషేధాల జాబితాలో ఉన్నాయి. పెద్ద పోటీల్లో ఆడేవాళ్ళు ముందుగా వైద్య మినహాయింపు తీసుకోవాలి. జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్ అలాగే తీసుకుంది. 2016లో రియోలో నాలుగు స్వర్ణాలు గెలిచిన తర్వాత ఎవరో ఆమె వైద్య రికార్డుల్ని దొంగిలించి బయటపెడితే, "చిన్నప్పట్నించీ నాకుంది, సిగ్గుపడను" అనే అర్థం వచ్చేలా జవాబిచ్చింది. పూల్‌లో అమెరికా ఆటగాడు షేన్ వాన్ బోనింగ్ ఉన్నాడు. పుట్టుకతో వినికిడి లోపం. ఆడేటప్పుడు చెవి మిషను ఆపేసుకుంటాడు! 2022లో నైన్ బాల్ ప్రపంచ ఛాంపియనయ్యాడు.

నా సంగతంటారా? పార్లర్ పోటీల్లో రెండు కప్పులు. అంతే. నేనేమీ ఛాంపియన్ని కాను, ఒక ఆట బాగా ఆడగలిగిన మతిమరుపు మనిషిని.

అరుగు మీద క్యారమ్స్

బస్సు బొల్లాపల్లిలో ఆగింది. ఆగిందని పక్కనావిడ చెబితే దిగాను.

ఈ ప్రయాణం సరదాకి కాదు. పది రోజుల క్రితం అక్క ఫోను చేసింది. "వీడూ అచ్చం నీలాగే తయారయ్యాడురా తమ్ముడూ" అని ఏడుపు. వీడంటే మా మేనల్లుడు, పన్నెండేళ్ళు. పుస్తకాలు పోగొడతాడు, పరీక్షలో నాలుగు లెక్కలు చేసి అయిదోది సగంలో ఆపి కిటికీలోంచి చూస్తూ కూర్చుంటాడు. బావ విసిగిపోయి వాణ్ణి దూరంగా ఒక హాస్టల్లో వెయ్యడానికి మాట్లాడేశాడు. పొద్దున అయిదింటికి లేపి రాత్రి పదింటిదాకా చదివిస్తారట. మిరప అమ్మిన డబ్బులోంచి అడ్వాన్సు కూడా కట్టేశాడు.

వెళ్ళేసరికి వేపచెట్టు కింద అరుగు మీద మావాడు క్యారమ్స్ ఆడుతున్నాడు. ఎదురుగా వాడికంటే పెద్ద కుర్రాళ్ళు. నన్ను చూసి కూడా లేవలేదు. నాకు కోపం రాలేదు, ఆ చూపు నాకు తెలుసు. స్ట్రయికరు గోడకి కొట్టి, తిరిగొచ్చే దారిలో రెడ్డుని మూలకి పంపించాడు. వెనకే ఫాలో కాయిను. పౌడరు చల్లిన చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, అప్పుడు "మావయ్యా!" అని గెంతాడు.

తర్వాత కాయిను మూల దగ్గరే ఉంది. తప్పింది!

"సులువుది తప్పిందేందిరా?" అన్నాను.

"ఏమో మావయ్యా. పడిద్దనుకున్నా, అయిపోయిందనుకున్నా" అన్నాడు.

నా కాళ్ళలో సత్తువ పోయింది. అరుగు మీద కూలబడ్డాను.

రాత్రి భోజనాల దగ్గర బావ నోరు విప్పాడు. "బామ్మర్దీ, నువ్వు పాడయింది చాల్లే. వీణ్ణన్నా బాగుపడనీ. క్రమశిక్షణ లేక గదా ఇదంతా."

"నాకు క్రమశిక్షణ తక్కువైందా బావా? నాన్న దగ్గర, మేష్టారి దగ్గర, ఆఫీసుల్లో అందరూ అదే పెట్టారు. నాలుగు రోజులు మాట్లాడకుండా ఉన్నాడు నాన్న. అంతకంటే పెద్ద శిక్ష ఏ హాస్టల్లో ఉంది?"

అమ్మ అన్నం కలుపుతున్న చెయ్యి ఆపింది. "మీ నాన్నకి తెలీదురా. నాకూ తెలీదు. ఆ డాక్టరు అడిగిందాకా నువ్వు కావాలనే చేస్తన్నావనుకున్నా" అంది. గొంతు పట్టేసింది. ఇరవై ఏళ్ళ స్టార్టరు గొడవ మా ఇంట్లో ఆ రాత్రి తీరింది.

మావాడికి ఇదే జబ్బని నేననలేదు. నేను డాక్టర్ని కాదు. నిద్ర చాలకపోయినా, చూపు ఆనకపోయినా, మనసులో భయమున్నా పిల్లలిలాగే ఉండొచ్చు. తేల్చాల్సింది చూపించి. ఖర్చుకి వెనకాడితే ప్రభుత్వం వారి టెలీ మానస్ నంబరు 14416 ఉంది, ముందు దానికన్నా మాట్లాడొచ్చు. ఇవన్నీ బావకి చెప్పాను. ఆయన చెయ్యి కడుక్కుని "అడ్వాన్సు తిరిగియ్యరు" అన్నాడు.

"ఎంత?"

చెప్పాడు. నా రెండు నెలల రాతలకొచ్చే డబ్బు. "సగం నేనిస్తా" అన్నాను. ఆయన నా వంక చాలాసేపు చూశాడు. "నువ్విస్తానంటావు. మర్చిపోతావు" అన్నాడు. అక్క ఫక్కున నవ్వింది. నేనూ నవ్వాను. అక్కడికక్కడే ఫోన్లో పంపించాను, అదే నాకున్న ఏకైక ఉపాయం. వచ్చే సోమవారం గుంటూరులో డాక్టరుకి చూపించడానికి బావ ఒప్పుకున్నాడు. హాస్టలు సంగతి ఆ తర్వాత చూద్దామన్నాడు. వద్దని మాత్రం అనలేదు, ఏమాటకామాటే చెప్పుకోవాలి.

పొద్దున్నే మావాడికి స్టిక్కు బిగించి చూపించాను. పూల్ బల్ల ఏదీ? కళ్ళంలో పట్టా మీద మిరపకాయలు జరిపి, రెండు నిమ్మకాయలు పెట్టి, మూడుసార్లు ఆడించడం, ఆగడం, కొట్టడం నేర్పాను. మధ్యలో ఆలోచనొస్తే లేవమన్నాను. వాడు పదకొండుసార్లు లేచాడు. పన్నెండోసారి నిమ్మకాయకి నిమ్మకాయ తగిలి సరిగ్గా వెళ్ళి అమ్మ చేటలో పడింది. అమ్మ తిట్టిన తిట్లు ఇక్కడ రాయకూడదు!

వినుకొండ బస్సు సగం దూరం వచ్చాక అక్క ఫోను. "ఒరే, నీ కర్ర ఇక్కడే ఉంది. మర్చిపోయావా?"

"లేదక్కా. వదిలేసొచ్చాను. వాడి దగ్గరుండనీ."

"ఫోను చార్జరు కూడా ఇక్కడే ఉంది."

అది మాత్రం మర్చిపోయిందే.